సెల్ మార్చాక లాక్ పడింది, బండి మాత్రం అందుకోలేదు

విజయవాడ ఆటోనగర్‌లో కారు తాళాలూ వైరింగూ చూసే షాపు నాది. పదహారేళ్లుగా ఇదే పని. రిమోట్ కీలో సెల్ మార్చాలని ఎవరైనా వస్తే, ‘ఇది మీరే చేసుకోండి, ఐదు నిమిషాల పని’ అని చెప్పి పంపేస్తుంటాను. దానికి నేనూ అక్కర్లేదు, షోరూమూ అక్కర్లేదు. ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే గుడివాడ మాస్టారి కేసు తర్వాత ఆ మాటకి ఇంకో రెండు మాటలు తగిలించి చెబుతున్నాను. అవి ఎందుకు తగిలించాల్సి వచ్చిందో ఇక్కడ మొత్తం రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది.

మాస్టారు రిటైరైన లెక్కల టీచరు. బండి పదేళ్లు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. తాళం పాత రకం: నల్లటి ప్లాస్టిక్ తల, దాని మీద రెండు బటన్లు, కింద ఇనుప బ్లేడు. ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పితే స్టార్టయ్యే బండి, బటన్ నొక్కే రకం కాదు. ఒకప్పుడు గేటు దగ్గర నిలబడి నొక్కినా లాక్ పడేదట. మూడు నెలలుగా కారు పక్కకి వెళ్లి, డోరుకి తాళం ఆనించినంత పని చేస్తే గానీ పడటం లేదట.

సెల్ అయిపోతోందనడానికి ఇంతకంటే మంచి గుర్తు ఉండదు. సెల్ నీరసపడితే రేంజి ఒక్కరోజులో పోదు, అడుగూ అడుగూ తగ్గుకుంటూ వస్తుంది. నిన్నటిదాకా బాగా పనిచేసి ఇవాళ పొద్దున ఒక్కసారిగా ఆగిపోయిందంటే నేను సెల్‌ని తర్వాత అనుమానిస్తాను. తాళం జేబులో ఉండగానే చొక్కా బకెట్లో పడిందా, కింద పడి బటన్ కింద స్విచ్ విరిగిందా అని ముందు అడుగుతాను. మాస్టారి లెక్క ఇక్కడిదాకా సరిగ్గానే ఉంది.

డాలస్‌లో ఉన్న వాళ్లబ్బాయి తన కారు తాళంలో సెల్ మార్చుకుంటూ తీసిన వీడియో పంపించి, ‘ఇలాగే చేసెయ్యండి నాన్నా’ అన్నాడట. ఆ తాళంలో ఎలక్ట్రానిక్స్ అంతా ఒకే బోర్డు మీద ఉంటుంది. విప్పినా ఊడి పడేదేమీ ఉండదు. మాస్టారి తాళం సంగతి అది కాదు. ఆ ముక్క ఆయనకి చెప్పినవాళ్లు లేరు.

రాత్రి ఏడున్నరకి ఫోన్ చేశారు. మర్నాడు పొద్దున్నే బందరులో పెళ్లికి వెళ్లాలి.

“బాబూ, తాళంలో సెల్ మార్చాను. లాక్ బ్రహ్మాండంగా పడుతోంది. బండే స్టార్ట్ కావట్లేదు.”

నేను అప్పుడు షట్టర్ దించుతున్నాను. ఆలోచించకుండా నోటికొచ్చింది చెప్పేశాను: “సెల్ ఒకసారి తీసి మళ్లీ పెట్టి చూడండి మాస్టారూ.” నా తప్పు ఇదే. లాక్ పడుతోందని ఆయన చెప్పనే చెప్పారు. అంటే సెల్ బాగానే ఉంది. ఇక స్టార్ట్ కాకపోవడానికీ సెల్‌కీ ఈ రకం బండిలో ఏ సంబంధమూ లేదు. పదహారేళ్ల అనుభవం ఉండి కూడా, ఫోన్ హ్యాంగైతే ఆపి ఆన్ చేయమన్నట్టు చెప్పాను. ఆయన పాపం తాళం మళ్లీ విప్పి, మళ్లీ బిగించి, ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి గొంతులో టెన్షన్ తెలుస్తోంది. నేనూ స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“సెల్ఫ్ తిరుగుతోందా?”

“తిరుగుతోంది. అందుకున్నట్టే అందుకుని, ఠపీమని ఆగిపోతోంది.”

“తాళం ఆన్‌లో పెట్టి మీటరు చూడండి. కారు బొమ్మ మీద తాళం బొమ్మ ఉన్న లైటు ఏదైనా కొట్టుకుంటోందా?”

కారు డోరు తీసిన చప్పుడు వినపడింది. కాసేపటికి, “ఆఁ, ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది” అన్నారు.

దాంతో విషయం తేలిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది కాబట్టి కారు బ్యాటరీలో లోపం లేదు. ఒక్క క్షణమైనా అందుకుంటోంది కాబట్టి పెట్రోలూ వస్తోంది. ఆపేస్తున్నది ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళం కాకపోతే ఇంజన్ని నడవనివ్వని ఏర్పాటు. తాళాన్ని బండి గుర్తుపట్టడం లేదు.

ఇక్కడ కథ ఆపి ఒక సంగతి చెప్పాలి. నా దగ్గరికొచ్చే పదిమందిలో తొమ్మిదిమంది పొరపాటు పడేది ఇక్కడే. రిమోట్ కీ అంటే ఒక వస్తువు కాదు, ఒకే ప్లాస్టిక్ డొల్లలో కాపురముండే రెండు. మొదటిది రిమోట్. బటన్ నొక్కితే రేడియో సిగ్నల్ పంపుతుంది, మన దగ్గర చాలా కార్లలో 433 మెగాహెర్ట్జ్ మీద. దానికి సెల్ కావాలి. డోర్లు వేయడం, తీయడం వరకే దాని పని. రెండోది ఇంజను స్టార్ట్ కావడానికి అనుమతి ఇచ్చే చిప్. దానికి సెల్ అక్కర్లేదు. ఇగ్నిషన్‌లో తాళం దూర్చే చోట చుట్టూ ఒక రింగు ఉంటుంది, అందులో రాగి తీగ చుట్ట. తాళం తిప్పగానే ఆ చుట్ట చిన్న అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర. చిప్ తనకు కావాల్సిన కరెంటు ఆ క్షేత్రం నుంచే తీసుకుని జవాబు చెబుతుంది. జవాబు సరిపోతే ఇంజను నడుస్తుంది, లేకపోతే ఆగిపోతుంది. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి చేశారు.

ఎవరికైనా ఇది మింగుడుపడకపోతే నేను ఫాస్టాగ్ చూపిస్తాను. అద్దానికి అంటించిన ఆ స్టిక్కర్‌లో బ్యాటరీ ఉందా? లేదు. టోల్‌గేటు దగ్గర పైనున్న రీడర్ పంపే తరంగాల నుంచే దానికి శక్తి వస్తుంది. తాళంలో చిప్ కూడా ఆ బాపతే, కాకపోతే రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది.

కాబట్టి సెల్ పూర్తిగా చచ్చిపోయినా ఇలాంటి బండి స్టార్టవుతుంది. బ్లేడుతో డోరు తీసి, ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పడమే. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో కూడా సెల్ అయిపోతే దారి ఉంటుంది. తాళం లోపల దాచిన బ్లేడు లాగి డోరు తీసి, తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి పట్టుకుంటే చాలా మోడళ్లలో బండి అందుకుంటుంది. కొన్నింటిలో ఆనించాల్సిన చోటు వేరే ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపిస్తారు.

సరే, మాస్టారి తాళం. ఆ పాత తాళాల్లో చాలావాటిలో ఈ చిప్ బోర్డు మీద ఉండదు. డొల్లలో ఒక మూల చిన్న గాడి ఉంటుంది, అందులో విడిగా కూర్చుంటుంది. కొత్తలో కాస్త గట్టిగానే ఉంటుంది, పదేళ్లకి ఊడొస్తుంది. మూత తెరవగానే చప్పుడు లేకుండా జారి పడిపోతుంది. పడినా ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అది చిప్‌లా ఉండదు. బంగారు రంగు కాళ్లు ఉండవు, మెరవదు. సగం చింతగింజంత నల్లటి ముక్క: సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 మందం. ప్లాస్టిక్ మూత అంచు విరిగి పడిందేమో అనుకుంటారు. కొన్ని తాళాల్లో ఇదే సన్నటి గాజు గొట్టంలా ఉంటుంది, అది ఇంకా సులువుగా పోతుంది.

“మాస్టారూ, తాళం ఎక్కడ కూర్చుని విప్పారు?”

“డైనింగ్ టేబుల్ మీద. పేపరు పరుచుకునే విప్పాను.”

“విప్పినప్పుడు నల్లటి ముక్క ఏమైనా పడిందా, సగం చింతగింజంత?”

“లేదే. నేను చూళ్లేదు.”

“ఆ పేపరేదీ?”

“మడిచి పాత పేపర్లలో పెట్టేశాను. ఎందుకు?”

“ఇల్లు ఊడ్చారా?”

“సాయంత్రం మా ఆవిడ ఊడ్చింది.”

నాకు గుండె జారింది. చిప్ చెత్తబుట్టలోకి పోయుంటే సంగతి వేరు. ఇంకో పనిచేసే తాళం ఉంటే దాన్ని చూసి కాపీ చేయొచ్చు, మెషిన్ పెట్టి బండికి కొత్త తాళం నేర్పొచ్చు. అసలు ఏ తాళమూ లేకపోతే సెక్యూరిటీ కోడ్ తెప్పించాలి, లేదా డ్యాష్‌బోర్డు కింద నుంచి కంట్రోల్ యూనిట్ విప్పి మెమరీ చదవాలి. నలభై రూపాయల సెల్‌తో మొదలైన పని వేలల్లోకి పోతుంది. రెండో తాళం సంగతి అడిగాను. హైదరాబాద్‌లో అమ్మాయి దగ్గర ఉందన్నారు. ఆ రెండో తాళం కథ చివర్లో చెబుతాను.

వీడియో కాల్ చేయమన్నాను. ముందు తాళం విప్పి చూపించమన్నాను. ఎడమ మూల గాడి ఖాళీగా కనిపించింది. అడుగున పాత గమ్ మరక పసుపు రంగులో ఉంది. టేబుల్ కింద, కుర్చీ కాళ్ల దగ్గర ఫోన్ లైటు వేసి చూశారు. అమ్మగారు చెత్తబుట్ట తెచ్చి ఇంకో పేపరు మీద కుమ్మరించారు. కరివేపాకు రెబ్బలు, పెన్సిల్ చెక్కిన పొట్టు, నల్లటి ముక్కేమీ లేదు. ఆఖరికి మడిచిన ఆ పేపరు తీయించాను. దులపొద్దు, మెల్లగా ఒక్కొక్క మడతా విప్పండి అన్నాను. జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో, కంటి ఆసుపత్రి ప్రకటన పక్కన అతుక్కుని ఉంది. పాత గమ్ జిగురు మిగిలుండటం వల్ల కాగితాన్ని పట్టుకుంది. అమ్మగారు ఊడ్చినా దొరకకపోవడానికి, మాస్టారు కళ్లజోడు పెట్టుకునీ చూడకపోవడానికి కారణం అదే.

గాడిలో పెట్టేముందు ఒక పరీక్ష చేయించాను. డొల్ల మూయకుండా, తాళం ఇగ్నిషన్‌లో పెట్టి, ఆ ముక్కని రింగు పక్కనే వేలితో ఆనించి పట్టుకుని తిప్పమన్నాను. ఎర్ర లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది. బండి అందుకుంది. ఆ చప్పుడు ఫోన్లోనే వినపడింది, వెనకాల అమ్మగారు “హమ్మయ్య” అనడం కూడా. తర్వాత ముక్కని గాడిలో కూర్చోబెట్టి, కదలకుండా చిన్న డబుల్ టేపు ముక్క వేయించి మూత బిగించాం. మర్నాడు పెళ్లికి వెళ్లొచ్చారు.

ఇంతటితో కేసు ముగిసిందనుకున్నాను. సోమవారం మాస్టారే షాపుకొచ్చారు. ఇప్పుడు బండి బాగానే స్టార్టవుతోంది, లాక్ మాత్రం ఒకసారి పడుతోంది, ఇంకోసారి పడటం లేదు, తాళాన్ని అరచేతిలో కొడితే పడుతోంది అన్నారు. కొడితే పనిచేసేది ఏదైనా సరే, లోపల ఏదో వదులుగా ఉన్నట్టే.

విప్పాను. సెల్ కింద వెండి రంగు కాగితం మడతలు పెట్టి ఉన్నాయి. మాత్రల షీటు వెనకాల ఉండే రేకు.

“ఇదేంటి మాస్టారూ?”

“సెల్ కాస్త వదులుగా ఉంది బాబూ. షాపతను రెండూ ఒకటేనన్నాడు. మందం తేడా కొలిచి, సరిపడా మడతలు పెట్టాను.”

నవ్వాగలేదు. లెక్కల మాస్టారు కదా, కొలిచే ఉంటారు. పాతది సీఆర్2032. ఆయనకి వాచీల షాపులో అమ్మింది సీఆర్2025, ప్యాకెట్ లేకుండా విడిగా. ఈ నంబర్లలో అర్థం ఉంది. మొదటి రెండంకెలు వెడల్పు, 20 మిల్లీమీటర్లు. చివరి రెండంకెలు మందం, దశాంశంలో: 32 అంటే 3.2, 25 అంటే 2.5. వోల్టేజి రెండింటిదీ 3 వోల్టులే కాబట్టి షాపతను ఒకటే అనేశాడు. కానీ 0.7 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది, పైన నొక్కిపట్టే స్ప్రింగు రేకు సరిగా ఆనదు. అల్యూమినియం రేకు అంతకంటే ప్రమాదం. కాస్త పక్కకి జరిగి ప్లస్‌నీ మైనస్‌నీ కలిపితే సెల్ షార్టయి రెండ్రోజుల్లో ఖాళీ అవుతుంది. అందుకే పాత సెల్ మీద చెక్కిన నంబరు చూసి అదే కొనాలి. ఎల్ఐఆర్2032 అని ఒకటి దొరుకుతుంది, అచ్చం అలాగే ఉంటుంది. అది చార్జింగ్ చేసుకునేది, నిండా ఎక్కితే 4.2 వోల్టుల దాకా ఉంటుంది. తాళంలో అది పెట్టకూడదు.

నంబర్ల గుట్టు చెప్పగానే మాస్టారి మొహం వెలిగింది. అంతలోనే జేబులోంచి పాత సెల్ తీశారు, చిల్లర నాణేలతో పాటు. “దీన్ని కొలువు” అన్నారు. మల్టీమీటర్ పెడితే 2.91 చూపించింది.

“3కి 2.91. అంటే 97 శాతం. మరి అయిపోయిందంటావేం?”

మంచి ప్రశ్న. చాలామంది మెకానిక్కులు కూడా ఇక్కడే మోసపోతారు. ఈ లిథియం సెల్ పని ఏమీ చెప్పకుండా కొలిస్తే చివరిదాకా నిండుగానే కనిపిస్తుంది. వోల్టేజి తగ్గకముందే లోపలి నిరోధం పెరిగిపోతుంది. పని చెప్పి, అంటే దాన్నుంచి కరెంటు లాగుతూ కొలవాలి. నేను 100 ఓముల రెసిస్టర్ ఒకటి దగ్గర పెట్టుకుంటాను, మల్టీమీటర్ కొసల మధ్య అది పట్టుకుని రెండు సెకన్లు చూస్తాను. మాస్టారి పాత సెల్ 2.91 నుంచి 1.6కి జారిపోయింది. నా డబ్బాలోని కొత్తది 3.2 నుంచి 2.7కి దిగి అక్కడే నిలబడింది. “అరుగు మీద కూర్చున్నంత సేపూ అందరూ ఆరోగ్యవంతులే, మెట్లెక్కితే తెలుస్తుంది” అన్నారాయన. ఇప్పుడు నేను కస్టమర్లకి చెబుతున్నది ఆ మాటే.

రేకు తీసేసి, సెల్ ఆనే రెండు రేకుల్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడిచాను. విప్పడానికి ఆయన కూరలు తరిగే కత్తి వాడారు. బోర్డు అంచున రెండు గాట్లు పడ్డాయి, అదృష్టం కొద్దీ రాగి గీతల మీద పడలేదు. కత్తి అక్కర్లేదు. ఇలాంటి తాళానికి వెనకాల చిన్న స్టార్ స్క్రూ ఉంటుంది, అది తీశాక అంచు నొక్కులో గోరో పాత ఏటీఎం కార్డు మూలో పెట్టి తిప్పితే విడిపోతుంది. పాత సెల్ తీసేముందు ప్లస్ గుర్తు ఏ వైపు ఉందో ఫోన్లో ఒక ఫొటో తీసుకోవాలి. అది తీసేటప్పుడే చిప్ ఎక్కడ కూర్చుందో కూడా ఫొటోలో పడుతుంది. నేను తగిలించిన రెండు మాటల్లో ఒకటి ఇదే: మూత తెరిచాక ముందు ఫొటో, తర్వాతే వేలు. రెండోది: కింద తెల్ల తువ్వాలు పరుచుకోండి, పేపరు వద్దు. అక్షరాల మధ్య నల్ల ముక్క కనపడదు, తువ్వాలు మీద పడితే దొర్లదు కూడా.

కొత్త సీఆర్2032 పెట్టి బటన్ నొక్కాను. లైటు వెలగలేదు. ఒక్క క్షణం నేనే కంగారుపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది: పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఉమ్మేయాలని కొన్ని కంపెనీలు సెల్ మీద చేదు పూత వేస్తున్నాయి. స్ప్రింగు కొస సరిగ్గా ఆ పూత మీద ఆనితే కరెంటు అందదు. ఆల్కహాల్‌తో అంచు తుడిచి పెడితే వెలిగింది. రోడ్డు అవతల టీ బంకు దాకా నడిచి నొక్కి చూశారు మాస్టారు, లాక్ పడింది. సెల్ తీసినందుకు తాళం కోడ్ చెరిగిపోతుందేమోనని ఆయన మొదటి నుంచీ భయపడ్డారు. చెరగదు. ఆ కోడ్ కరెంటు లేకపోయినా నిలిచే మెమరీలో ఉంటుంది. కొన్ని పాత మోడళ్లకి మాత్రం తాళం ఆన్ ఆఫ్ చేసి మళ్లీ జత కలపాల్సి వస్తుంది.

పాత సెల్ మళ్లీ జేబులో వేసుకోబోతుంటే ఆపాను. ఇంట్లో మనవరాలు ఉంది, రెండేళ్ల పిల్ల, డైనింగ్ టేబుల్ చుట్టూ తిరిగే వయసు. రిమోట్‌కే పనికిరాని సెల్ కదా అని తేలిగ్గా తీసుకుంటారు. 20 మిల్లీమీటర్ల సెల్ చిన్నపిల్లల గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుంటే, తడి తగిలి అక్కడ క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిపోవచ్చు. అయిపోయిన సెల్‌కి కూడా ఆ పాటి సత్తా ఉంటుంది, ఇందాకే 2.91 చూశాం కదా. మింగిందన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండు వైపులా ఇన్సులేషన్ టేపు చుట్టి ఆ సెల్ నా డబ్బాలో వేసుకున్నాను. నాలుగు నెలలకోసారి ఈ-వేస్ట్ వాళ్లకి ఇస్తాను.

లేబర్ ఏమీ తీసుకోలేదు. నా ఇరవై నిమిషాల తప్పుకి అది చెల్లు.

ఇక రెండో తాళం. మూడు వారాల తర్వాత అమ్మాయి సంక్రాంతికి వస్తూ తెచ్చిందట, మాస్టారు తీసుకొచ్చి చూపించారు. బటన్లు లేని సాదా తాళం, చేతిలో పెట్టుకోగానే అనుమానం వచ్చింది, మరీ తేలిగ్గా ఉంది. రీడర్ మీద పెట్టాను. ఏ జవాబూ లేదు. లోపల చిప్ లేదు. ఎప్పుడో ఒరిజినల్ పోతే, రోడ్డు పక్కన ఇనుప బ్లేడు మాత్రం కోయించుకున్న తాళం అది.

“దీంతో ఎప్పుడైనా బండి స్టార్ట్ చేశారా మాస్టారూ?”

“లేదు బాబూ. కోయించిన రోజు డోరు తీసి చూశాను. తెరుచుకుంది. చాలనుకున్నాను.”

ఆ సాయంత్రమే చిప్ ఉన్న డూప్లికేట్ చేసిచ్చాను, పేపరు మడతలో దొరికిన ఆ ఒక్క ముక్కని పక్కన పెట్టుకుని.